పదకొండు ఎకరాల నీళ్ళు

సెప్టెంబర్ 29

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను. మా ఆఫీసులో బుర్రంటూ ఉన్నది నాకొక్కదానికే.

ఈ రోజు పటం బయటపెట్టాం. ఉపగ్రహం తీసిన బొమ్మల ముందు ఏడు నెలలు కూర్చుని ఊరంతటినీ రంగుల కింద విడగొట్టింది నేను. ఇళ్ళు ఎరుపు, చెట్లు ఆకుపచ్చ, ఖాళీ నేల పసుపు, నీళ్ళు నీలం. వచ్చే ఇరవై ఏళ్ళలో రోడ్డు ఎక్కడ పడాలి, మురుగు ఎటు పోవాలి, ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవచ్చు, అన్నీ దీన్నిబట్టే తేలుస్తారు. తెర ముందు నిలబడి చేతులు ఊపింది మాత్రం మా పెద్దసారు. స్లైడులు వేయడం తప్ప ఆయనకి ఇంకేమీ రాదు. అందుకే స్లైడుబాబు అంటాం. పిక్సెల్ అంటే ఏమిటో నిన్న సాయంత్రం నన్నడిగి తెలుసుకుని, ఈ ఉదయం నాకే వివరించాడు.

పక్కన సలహాదారు. నోరు తెరిస్తే 'సుస్థిరం'. గంటలో ముప్పై నాలుగు సార్లు అన్నాడు. లెక్కపెట్టడం తప్ప అక్కడ నాకు వేరే పనేముంది? "మీలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాలకి ఈ పటం ఆదర్శం" అన్నాడు. ఆయనా ఇక్కడ పుట్టినవాడే. నాలుగేళ్ళు బయట తిరిగొచ్చేసరికి మనం 'మీలాంటి' అయిపోయాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కడికీ చురుక్కుమనలేదు. ఇకనుంచి ఆయన పేరు సుస్థిరం.

నా పటం తొంభై మూడు శాతం సరైనదని తేలింది. ఎలా తేలిందంటే, కంప్యూటరు ఊరి మీద తనకిష్టమొచ్చిన చోట అరవై చుక్కలు వేస్తుంది. మనం ఒక్కో చుక్క దగ్గరికీ వెళ్ళి నిలబడాలి. పటం నీళ్ళంటే అక్కడ నిజంగా నీళ్ళున్నాయా, ఇల్లంటే ఇల్లుందా చూసి ఫారం నింపి, సంతకం పెట్టాలి. అరవైకి అరవై నేనే తిరిగాను. ఎండలో.

సెప్టెంబర్ 30

మెడ నొప్పి. అయినా సెలవు పెట్టలేదు. నేను లేకపోతే వీళ్ళు మౌసు తోక ఎటుందో వెతుక్కుంటారు.

అక్టోబర్ 3

ఈ రోజు మా ఊరికి ఒక చెరువు పుట్టింది.

పటం చూస్తూ చూస్తూ స్లైడుబాబు రైలుకట్ట అవతల వేలు పెట్టాడు. "మేడమ్, ఇక్కడ ఇంత నీలం ఏంటి?"

"నీళ్ళు సార్. పదకొండు ఎకరాలు."

సుస్థిరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చెరువు! ఊరు పోగొట్టుకున్న చెరువు! దాన్ని పూడ్చి ఆక్రమించారు, అయినా పైనుంచి చూస్తే ప్రకృతి దాగుతుందా అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. పది నిమిషాల్లో చుట్టూ నడకదారి వేశాడు, పడవలు దింపాడు, ఒక మూల బాతుల్ని కూడా వదిలాడు. 

పురపాలక సంఘం ఛైర్మన్‌కి ఫోన్ చేస్తే ఆయన హుటాహుటిన వచ్చాడు. "అయ్యో, ఆ చెరువా! చిన్నప్పుడు నేను అందులోనే ఈత నేర్చుకున్నానయ్యా!" అన్నాడు. ఆ మనిషి స్కూలు మొహం చూడకపోయినా కాలేజీలు తెరిచే రకం, చెరువులో ఈదడం ఒక లెక్కా? ఆయన ఈదాడనగానే అకౌంట్స్ ఆయన వాళ్ళ నాన్న అందులో చేపలు పట్టేవాడన్నాడు. టైపిస్టు మేనత్త అందులో పడి బతికిందట. సాయంత్రం కాఫీ వేళకి ఆ చెరువుతో చుట్టరికం లేని మనిషి ఆఫీసులో మిగల్లేదు.

నేనేమీ అనలేదు. పటం నీళ్ళంది, ఫారం కూడా నీళ్ళంది. నన్నెందుకు అడుగుతారు?

అక్టోబర్ 4

గొలుసాయన వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. పాతకాలపు సర్వేయరు. భూమిని ఇనుప గొలుసు లాగి కొలిచిన రకం, వచ్చే ఏడు రిటైరవుతాడు. నడిచి చూడందే ఏదీ నమ్మడు. చెప్పులు అరిగిపోవడం తప్ప ఆయన సాధించిందేమిటో నాకు తెలియదు.

"అమ్మా, రైలుకట్ట అవతల చెరువేంటమ్మా? అది మిట్ట. ముప్పై ఏళ్ళ కిందట అక్కడ గొలుసు లాగింది నేనే. బిందెడు నీళ్ళు పోస్తే రోడ్డు మీదకి జారిపోతాయి."

"మీ గొలుసు కంటే ఉపగ్రహానికి చూపు ఎక్కువండీ" అన్నాను.

"చూపుంటుంది. కాళ్ళు లేవు కదమ్మా. నలభై ఒకటో చుక్క అక్కడే పడింది. మీరే వెళ్ళి చూశారుగా, ఫారం మీద మీ సంతకమే ఉంది. నీళ్ళున్నాయా?"

"రాశానుగా" అన్నాను.

"అదేనమ్మా, రాశారు" అని వెళ్ళిపోయాడు. ముసలాళ్ళకి పని లేకపోతే ఇంతే. అందరి ఫారాలూ తిరగేస్తూ కూర్చుంటారు.

అక్టోబర్ 5

ఊరికే, వేరే పని మీద, ఆ ఉపగ్రహం బొమ్మ తెరిచాను.

తేదీ ఆగస్టు 24. ఆగస్టు రెండో వారంలో, కాలం కాని కాలంలో, వడగళ్ళ వాన పడింది. రైలుకట్ట అవతల రేకుల ఇళ్ళన్నీ తూట్లు పడ్డాయి. 19న మన పురపాలక సంఘమే ఇంటికొకటి చొప్పున టార్పాలిన్లు పంచింది. ఛైర్మన్ పంచుతున్న ఫొటో ఇప్పటికీ మెట్ల దగ్గర వేలాడుతోంది. అన్నీ నల్లవి. రెండు వందల ఎనభై ఇళ్ళు, పక్క పక్కనే, కప్పుల మీద నల్ల టార్పాలిన్లు. వాటి మీద వాన తడి.

పైనుంచి చూసేదానికి వెలుతురు మింగేసేదల్లా నీళ్ళలాగే కనబడుతుంది. ఇది కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం చెప్పే పాఠం. ఏటా నేనే చెబుతాను.

నా తప్పు కాదు. నల్లవి కొన్నవాడిది తప్పు. నీలమో పసుపో కొని చావచ్చుగా. అయినా ఆ వారమే తిరగమని ఉపగ్రహానికి నేను చెప్పానా?

అక్టోబర్ 6

చుక్కలు చూడ్డానికి తిరిగినప్పుడు నలభై ఒకటో చుక్క దగ్గరికి ఆటోలో వెళ్ళాను. దిగలేదు, అంతే. ఆటోలోంచి చూసినా చూసినట్టే.

అక్టోబర్ 9

స్లైడుబాబుకి చెప్పాను. చెప్పలేదని రేపు ఎవరూ అనడానికి లేదు. "సార్, మార్చి నెల బొమ్మలో అక్కడ ఇళ్ళు కనబడుతున్నాయి. ఒకసారి చూస్తే మంచిదేమో" అన్నాను. టార్పాలిన్ల మాట ఎత్తలేదు. కొంతైనా ఆయన బుర్రకి వదలాలి కదా.

ఆయన వెళ్ళి సుస్థిరాన్ని అడిగాడు. సుస్థిరం నవ్వుతూ వచ్చాడు. "అందులో ఆశ్చర్యమేముంది మేడమ్! అది ఋతువుల చెరువు. ఎండాకాలం ఎండిపోగానే జనం వచ్చి ఇళ్ళు వేసుకుంటారు. వాన పడగానే చెరువు మళ్ళీ తన చోటికి తాను వస్తుంది."

ఏటా వానకి రెండు వందల ఎనభై ఇళ్ళు నీళ్ళలో మునిగి, వేసవికి పొడిపొడిగా పైకి తేలతాయన్నమాట! ఇలాంటివాణ్ణి బడికి పంపిన తల్లిదండ్రుల్ని అనాలి. స్లైడుబాబు "ఋతువుల చెరువు" అని వెంటనే స్లైడు చేసేశాడు. అడుగున ఒక తామర పువ్వు బొమ్మ.

నేను చెప్పాల్సింది చెప్పాను. నా బాధ్యత తీరింది.

అక్టోబర్ 13

సెలవు రోజు. అమ్మ నాతోనే ఉంటుంది. అక్కతో ఫోనులో మాట్లాడేటప్పుడు బాల్కనీ తలుపు వేసుకుంటుంది. నేనేదో వినడానికి చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నట్టు. ఈ రోజు ఫోను పెట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మీ అక్క వాళ్ళకి నోటీసు వచ్చిందటే. ఇల్లు చెరువులో ఉందట."

"ఊఁ."

"మీ ఆఫీసు నుంచే వచ్చిందట. నెలలో ఖాళీ చెయ్యాలట. అక్కడ చెరువేంటే? మొన్న కూడా కుళాయి రాక బోరింగు దాకా వెళ్ళి తెచ్చుకున్నారు."

"అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇరవయ్యో తారీకున సమావేశం పెట్టారు. వచ్చి చెప్పుకోమను."

"నువ్వు చెప్పలేవా?"

"నేను పటం గీసేదాన్నమ్మా. ఇళ్ళు ఇచ్చేదాన్నీ కాదు, తీసేదాన్నీ కాదు."

అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నువ్వు మోటారు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా?" అంది.

నేను పెట్టుకోవడమేమిటి? పెట్టుకున్నది వాళ్ళు. ఈ ఫ్లాటులో చేరిన రోజు భోజనాలకి ఆఫీసు వాళ్ళందరినీ పిలిచాను. సరిగ్గా వడ్డించే వేళకి నీళ్ళ మోటారు ఆగిపోయింది. బావ మోటార్లు బాగుచేస్తాడు. అన్నంలో చెయ్యి పెట్టబోతుంటే "బావా, ఒక్కసారి కిందకెళ్ళి చూడవా" అన్నాను. మోటారు పాడైతే మెకానిక్‌కి కాక డాక్టరుకి చెబుతారా? ఆయన బాగుచేసి పైకొచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు. అప్పటికి పెద్దసారు కూర్చుని ఉన్నారు. రంగులేసేవాళ్ళు వంటింటి పక్కన తింటున్నారు, నువ్వూ అక్కడే కానిచ్చెయ్ బావా అన్నాను. ఏదో తొందరలో అన్న మాట అది. ఆయన తిన్నాడు కూడా. అక్క మాత్రం చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆరేళ్ళయింది.

పౌరుషం ఉండాలి, కాదనను. రేకుల కింద కూర్చుని అంత పౌరుషం దేనికి?

అక్టోబర్ 14

చుక్కలు చూడ్డానికి తిరిగిన ఆ రోజు ఆటో వాళ్ళ వీధి మొదట్లో ఆగింది. చుక్క సరిగ్గా అక్క ఇంటి గుమ్మం మీద పడింది. కంప్యూటరుకి ఊరంతా గొడ్డుపోయిందా? అరవై చుక్కలు వేయమంటే ఒకటి అక్కడే వేయాలా?

అక్క తీగ మీద బట్టలు ఆరేస్తోంది. వీపు ఇటుంది. ఆటో వెనక్కి తిప్పించాను.

నీళ్ళు అని ఆఫీసులో కూర్చుని రాశాను. కెమెరా పనిచేయలేదు అని కూడా రాశాను. పటం నీళ్ళంది కదా, పటం గీసింది నేనే కదా, అబద్ధం ఎందుకవుతుందనుకున్నాను. ఆ ఒక్క చుక్క తప్పయితే తొంభై మూడు శాతం తొంభై రెండయ్యేది.

అంటే యాభై తొమ్మిదికి వెళ్ళాను. ఎండలో. వీళ్ళలో ఎవడు వెళతాడు యాభై తొమ్మిదికి?

అక్టోబర్ 20

సమావేశం ఉదయం పదకొండుకి. హాలు చాలలేదు, జనం గుమ్మాల్లో నిలబడ్డారు. స్లైడుబాబు తెర మీద తామర పువ్వు వేశాడు. సుస్థిరం పదహారు సార్లు అనేదాకా లెక్కపెట్టాను. ఆ తరవాత లెక్క తప్పింది, ఎందుకంటే అక్క ముందుకి వచ్చింది.

ఆరేళ్ళలో జుట్టు తెల్లబడింది. నడక మాత్రం అదే, దారిలో ఎవరున్నా వాళ్ళే తప్పుకోవాలి. చంకలో ఏదో మడత. వచ్చి, మా ఫైళ్ళన్నీ ఒక పక్కకి తోసి, ఆ మడత విప్పి బల్ల మీద పరిచింది. టార్పాలిన్. మూల మీద పురపాలక సంఘం ముద్ర. దాంట్లోంచి తుప్పు నీళ్ళు ఛైర్మన్ కాగితాల మీదకి కారాయి.

"ఇదేనండీ మీ చెరువు" అంది. "మీరే ఇచ్చారు. ఈదుతారా?"

జనం ఘొల్లుమన్నారు. ఛైర్మన్ మొహం చూడాలి. నాకూ నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. మా అక్క అంటే మా అక్కే అనుకున్నాను. ఆ ముక్క మనసులో అనుకున్నందుకే సిగ్గేసింది.

సుస్థిరం తేరుకుని, "భావోద్వేగాలు వేరమ్మా, శాస్త్రం వేరు. క్షేత్రస్థాయిలో అధికారి వచ్చి కళ్ళతో చూసి ధ్రువీకరించారు" అన్నాడు. ఫైల్లోంచి నలభై ఒకటో ఫారం తీసి ఛైర్మన్‌కి ఇచ్చాడు. ఆయన పైకి చదివాడు. ఏం కనబడింది: నీరు. సంతకం చేసినవారు: నా పేరు. చదివి, నా వైపు చెయ్యి చూపించాడు.

"ఇదిగో, ఈ మేడమే. మీ గుమ్మం దాకా వచ్చి చూశారట. ఈవిణ్ణి మీరు చూశారా, లేదా?"

అక్క నన్ను చూసింది. అప్పటిదాకా నేనక్కడున్నానని తనకి తెలియదు. 'మా చెల్లెలండీ' అంటుందనుకున్నాను. అంటే చాలు, నా పని అయిపోయేది. చెల్లెలు అక్క ఇంటికొచ్చి అక్కడ నీళ్ళున్నాయని రాసిందంటే ఇక చెప్పాల్సిందేముంది?

"ఈవిడెవరో నాకు తెలీదండీ" అంది అక్క. "మా గుమ్మంలో ఎప్పుడూ చూళ్ళేదు."

ఆ తరవాత నా వైపు చూడలేదు. టార్పాలిన్ తనే మడత పెట్టుకుంది.

మూడు రోజుల్లో నేను రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని, దాన్నిబట్టి నిర్ణయమని ఛైర్మన్ అన్నాడు. తల ఊపాను.

అక్టోబర్ 21

సంజాయిషీ స్లైడుబాబే రాసి తెచ్చాడు. రెండు పేజీలు. సాఫ్ట్‌వేర్ పొరపాటు జరిగి ఉండవచ్చు, వచ్చే ఏడాది సవరించిన పటంలో పరిశీలిస్తాము. కింద సంతకానికి చోటు.

"అందరికీ మంచిది మేడమ్. మీ సర్వీసు రికార్డు శుభ్రంగా ఉంటుంది, ప్రాజెక్టు ఆగదు. ఎవరి మీదా మచ్చ ఉండదు."

"మరి నోటీసులు?"

"అవి వచ్చే నెలకి అమలవుతాయి. సవరణ వచ్చే ఏడాది కదా." సంవత్సరం తరవాత పటంలో ఇళ్ళు ఎర్రగా వేస్తారన్నమాట, నేల మీద లేకపోయినా. ఈ తెలివి ఆయనకి పుట్టుకతో వచ్చి ఉండాలి. స్లైడుల్లో నేర్పరు.

"ఫారం తప్పని మీరు రాస్తేనే చిక్కు" అన్నాడు. "క్షేత్ర పరిశీలన అబద్ధమని తేలితే ఆ పటం మొత్తం చెల్లదు. నోటీసులు కూడా చెల్లవు. ఆ కొంపలేమో గానీ, మీరు పోతారు. మీరేం తెలివితక్కువవారు కాదుగా."

కాదు. కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

అక్టోబర్ 22

ఎవరో తెలీదట. బాగానే అంది. తను పెద్దది, ఎప్పుడు ఏం అనాలో తనకి తెలుసు.

స్లైడుబాబుని చూస్తే అసహ్యం. సుస్థిరాన్ని చూస్తే అసహ్యం. ఈ రోజు బల్ల ముందు కూర్చుని చూస్తే, వాళ్ళకి తెలియక అన్నారు, నాకు తెలిసి రాశాను. వాళ్ళ బుర్రలేనితనం మీద ఇన్ని పేజీలు నింపాను. నా సంగతి రాయడానికి ఒక్క ముక్క చాలు, అది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. వెళ్ళలేదు.

అమ్మ అన్నం పెట్టి, పక్కనే కూర్చుంది.

అక్టోబర్ 23

రెండు పేజీలూ చించేశాను. నేను రాసింది నాలుగు వాక్యాలు. నలభై ఒకటో చుక్క దగ్గరికి నేను వెళ్ళలేదు. ఫారం ఆఫీసులో కూర్చుని నింపాను. అక్కడున్నది నీరు కాదు, పురపాలక సంఘం ఇచ్చిన నల్ల టార్పాలిన్లు కప్పిన ఇళ్ళు. ఇది సాఫ్ట్‌వేర్ పొరపాటు కాదు.

ఒక కాపీ ఛైర్మన్‌కి, ఒకటి, వచ్చే పోయే కాగితాలు చూసే ఆవక జావక విభాగంలో ముద్ర వేయించి నా దగ్గర. ఒకటి గొలుసాయనకి ఇచ్చాను. వీళ్ళు కాగితాలు మింగేసే రకం, ఆయన మాత్రం మింగడు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎందుకు వెళ్ళలేదమ్మా?" అన్నాడు.

"అది మా అక్క ఇల్లండీ" అన్నాను.

ఆయనకి ఏమర్థమైందో తెలియదు. నా కుర్చీ ఇటు తిప్పి, "కూర్చోమ్మా, మొహం పాలిపోయింది" అన్నాడు.

అక్టోబర్ 30

సస్పెండ్ చేశారు. పటం రద్దు, నోటీసులు రద్దు. మళ్ళీ మొదటి నుంచి అరవై చుక్కలు, గొలుసాయన తిరుగుతాడు.

ఛైర్మన్ ఆ చెరువులో ఈత కొట్టలేదట. అది వేరే చెరువట.

నవంబర్ 2

ఉదయాన్నే బయల్దేరాను. అమ్మ వస్తానంది, వద్దన్నాను. ఆటో వీధి మొదట్లోనే దిగేసి నడిచాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. నోటీసు పోయింది, ఉద్యోగం పోయేలా ఉంది, ఇక మనం సమానం అనాలనుకున్నాను. ఇంత చెత్త ఆలోచన చేసేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బావ కప్పు మీద ఉన్నాడు, కొత్త రేకు బిగిస్తున్నాడు. నన్ను చూసి సుత్తి ఆపాడు, మళ్ళీ కొట్టుకోసాగాడు. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మ చెప్పింది" అంది.

"అక్కా..."

"లోపలికి రమ్మని మాత్రం అనను. ఇంకా నాకు అంత మనసు రాలేదు." గుమ్మానికి ఒక పక్కగా జరిగి నిలబడింది. "అక్కణ్ణుంచే చూడు. చూసి రాసుకోవాలిగా మీరు. రాసుకుని వెళ్ళు."

ఫారం ఏమీ తెచ్చుకోలేదు. సంచిలో ఈ డైరీ ఉంది. తీశాను. వీధిలో నిలబడి, సుత్తి చప్పుడు తల మీద పడుతుంటే, కనబడినవి రాశాను. రేకుల ఇల్లు. రెండు గదులు. ఎర్ర గచ్చు, మధ్యలో పగులు. గూట్లో విప్పేసిన మోటారు. గోడకి నేను డిగ్రీ తీసుకున్నప్పటి ఫొటో, తడిసి మూలలు లేచాయి.

అక్కడ చెయ్యి ఆగిపోయింది. అక్క దిగి వచ్చి, నా భుజం మీదుగా ఆ పేజీ మొత్తం చదివింది.

"సంతకం పెట్టు" అంది.

"నన్ను సస్పెండ్ చేశారక్కా. ఇప్పుడు నా సంతకం ఎక్కడా చెల్లదు."

"పెట్టవే" అంది.

పెట్టాను.